పదో తరగతి సైన్స్‌కి ప్రాక్టికల్ పరీక్ష పెట్టండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సూళ్లూరుపేట, తడ ప్రాంతంలోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్‌ని. అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో సైన్స్‌కి ప్రాక్టికల్ పరీక్ష పెట్టండి. ఇప్పుడు భౌతికశాస్త్రానికి 50, జీవశాస్త్రానికి 50 మార్కులు, రెండూ రాత పరీక్షలే. పదేళ్లు బడికొచ్చిన పిల్ల ఒక కటకం చేత్తో పట్టుకోకుండా, ఒక అమ్మీటరుకి తీగ కలపకుండా, సైన్స్‌లో నూటికి తొంభై ఐదు తెచ్చుకుని వెళ్లిపోవచ్చు. వెళ్తున్నారు కూడా. అలాంటి పిల్లల్ని ఏటా చూశాను. వాళ్ల తెలివిలో లోటేమీ లేదు. చేతికి పని ఇవ్వని పరీక్ష మనం పెట్టాం, వాళ్లు దానికి తగ్గట్టు చదివారు.

తడ దాటి అడుగేస్తే తమిళనాడు. అక్కడ పదో తరగతి సైన్స్‌లో 75 మార్కులు రాతకి, 25 మార్కులు ప్రాక్టికల్‌కి. పులికాట్ సరస్సుకి ఆ ఒడ్డున చదివే పిల్ల పరీక్ష కోసమైనా పరికరం ముట్టుకుంటుంది. ఈ ఒడ్డున చదివే పిల్ల, శ్రీహరికోట తన జిల్లాలోనే ఉన్నా, ఆ పరికరం బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తుంది. ఆ 25 మార్కుల పరీక్ష అక్కడ అంతా సవ్యంగా జరుగుతోందని నేను అనడం లేదు. కానీ మార్కులున్నాయి కాబట్టి ల్యాబు తలుపు తెరుస్తారు. బళ్లలో పని ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు, మార్కులు లేని పనికి పీరియడ్ దొరకదు.

మా ఊళ్లలో శ్రీహరికోటని షార్ అంటారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. 2025 జనవరి 29న వందో ప్రయోగం జరిగింది. చంద్రుడి మీదికి, అంగారకుడి దగ్గరికి, సూర్యుణ్ణి చూడటానికి, అన్నీ ఇక్కడి నుంచే బయల్దేరాయి. ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు ఆ కేంద్రం కోసం ఊళ్లు ఖాళీ చేశారు. ఇవాళ్టికీ ప్రయోగం ఉన్న రోజు మా చుట్టుపక్కల మత్స్యకారులు వేటకి వెళ్లడానికి లేదు. అంటే దేశం మొత్తం గర్వపడే ఈ పనికి ఈ ప్రాంతం తన నేలని ఇచ్చింది, తన వేట రోజుల్ని ఇస్తోంది. మరి ఈ ప్రాంతం బళ్లకి ఆ విజ్ఞానంలో ఏం చేరింది అన్నది నా ప్రశ్న. యానాది కాలనీల నుంచి వచ్చిన పిల్లలకి పాఠం చెప్పినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు బరువుగానే ఉంటుంది.

అంతరిక్షం మనకి దూరమైన సంగతేమీ కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు మనకంటూ ఒక వాతావరణ ఉపగ్రహం లేదు. దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. 1983లో ఇన్శాట్-1బి వచ్చింది, తర్వాత ఆ వరుసలో మరికొన్ని వచ్చాయి, తీరంలో రాడార్లు వెలిశాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖని ఊడ్చిపారేసింది కానీ, అది ఎటు వస్తోందో కొన్ని రోజుల ముందే తెలిసింది, లక్షల మందిని ముందుగా తరలించగలిగారు. చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకి సమాచారం పంపుతుంది. సముద్రపు నీటి ఉష్ణోగ్రత, నీటి రంగులో తెలిసే పచ్చదనం, ఈ రెండూ ఉపగ్రహం పైనుంచి కొలిచి చెప్పేవే. తండ్రి ఆ సమాచారంతో పడవ తీస్తాడు, కొడుకు బళ్లో ‘ఉపగ్రహాల ఉపయోగాలు ఏవి’ అన్న నాలుగు మార్కుల ప్రశ్నకి జవాబు బట్టీ పడతాడు. ఈ రెండూ ఒకటేనని ఆ పిల్లవాడికి తెలియజెప్పే తీరిక మన టైమ్‌టేబుల్లో లేదు.

ఇక్కడ ఒక రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2023 జులై 14, శుక్రవారం, చంద్రయాన్-3 వెళ్లిన రోజు. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకి ప్రయోగం. క్లాసులో కొత్తగా పెట్టిన ప్యానెల్ (పెద్ద టీవీలాంటి డిజిటల్ తెర) మీద లైవ్ వేశాం. సగం మంది దాని ముందు కూర్చున్నారు, మిగతావాళ్లు గ్రౌండ్‌లోకి పరిగెత్తారు. లోపల ప్యానెల్ మీద ఇంకా కౌంట్‌డౌన్ అంకెలే తిరుగుతున్నాయి, బయట చెట్ల మీంచి వెలుగు లేచింది. గ్రౌండ్‌లో కేకలు విని లోపలివాళ్లు కూడా బయటికి వచ్చేశారు. లైవ్ అన్నది ఎందుకు వెనకబడిందన్నది ఆ రోజు పుట్టిన మొదటి ప్రశ్న. కెమెరా నుంచి అది ఎన్ని చేతులు మారి మన ప్యానెల్ దాకా వస్తుందో అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం.

ఈలోగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని కదలకుండా నిలబడింది. వెలుగు కనపడగానే నొక్కాలి, చప్పుడు వినపడగానే ఆపాలి, ఇది ముందే అనుకున్నాం. చప్పుడు రావడానికి సరిగ్గా అరవై సెకన్లు పట్టింది. ముందు కాళ్ల కింద నేల సన్నగా అదిరినట్టయింది, తర్వాత కిటికీ రెక్కలు కదిలాయి, ఆ తర్వాత ఆ ఉరుము. క్లాసుకి వచ్చి లెక్క వేశాం. గాలిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 350 మీటర్లు అనుకుంటే దూరం 21 కిలోమీటర్లు. ఇస్రో వాళ్ల భువన్ మ్యాప్ తెరిచి బడికీ లాంచ్ ప్యాడ్‌కీ మధ్య గీత గీస్తే 24 కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. మూడు కిలోమీటర్లకి పైగా తేడా. ఎక్కడ తప్పాం? ఒకడు ఎండ ఎక్కువగా ఉంది కాబట్టి ధ్వని ఇంకా వేగంగా వచ్చిందేమో అన్నాడు. మంచి మాటే, కానీ ఆ తేడా అంత పెద్దది కాదని లెక్కలో తేలింది. చివరికి వాచీ నొక్కిన అమ్మాయే చెప్పింది: ‘మేడమ్, మనం చూసింది చెట్ల పైకి వచ్చాక కదా, అది మండటం అంతకు ముందే మొదలైంది.’ పది సెకన్లు ఆలస్యంగా నొక్కి ఉంటే ఆ తేడా సరిపోతుంది. బోర్డు మీద అది తేలగానే క్లాసంతా ఆ అమ్మాయి వైపు తిరిగింది.

దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. కొలవడం, తప్పు రావడం, ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం, సైన్స్ అంటే ఇదే. వెనక బెంచీ పిల్లవాడు లేచి అడిగాడు: ‘ఇది పరీక్షలో వస్తుందా మేడమ్?’ రాదని నిజమే చెప్పాను. వాడు పుస్తకం తీసి ధ్వని పాఠంలో ప్రశ్న జవాబులు చూసుకోవడం మొదలుపెట్టాడు. వాణ్ణి ఏమీ అనలేను. ఇంట్లో అమ్మానాన్న అడిగేది మార్కులు, మమ్మల్ని రివ్యూ మీటింగుల్లో అడిగేది పాస్ పర్సెంటేజీ, మండల స్థాయిలో, జిల్లా స్థాయిలో అడిగేదీ అదే. ఇన్ని వైపుల నుంచి అడిగేది ఒకటే అయినప్పుడు పిల్లవాడు వేరేది ఎందుకు చేస్తాడు?

అయ్యా, బడికి టెక్నాలజీ తేవడం మన రాష్ట్రానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి వాడుకుని, ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి నేరుగా టీవీ కార్యక్రమాలు అందించారు. అందులో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి, కార్యక్రమాలు తెలుగులోనే వచ్చాయి. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం. పైకప్పు మీద కోళ్ల గూటికి వేసే వలలాంటి తీగతో చేసిన డిష్ యాంటెన్నా. ఆ ప్రయోగంలో నాకు నచ్చేది టీవీ పెట్టడం కాదు. పెట్టిన సెట్టు చెడిపోతే బాగుచేయడానికి మనుషుల్ని కూడా అప్పుడే పెట్టారు, టీచర్లకి ఆ టీవీ ద్వారానే శిక్షణ ఇచ్చారు, పల్లెవాళ్లకి ఏం అర్థమైందో, ఏం కాలేదో అడిగి రాసుకోవడానికి పరిశోధకులు ఊళ్లలోనే ఉన్నారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ వెళ్లింది, కేవలం చదువు కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం. 2010లో దాని పని ముగిసింది. ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’ అనే చానెల్లో పాఠాలు వచ్చేవి, తెలంగాణలో అదే ఇప్పుడు టీశాట్ పేరుతో నడుస్తోంది. మన దగ్గర 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చారు, తరగతి గదుల్లో ప్యానెళ్లు పెట్టారు.

ఇచ్చింది ఏ ప్రభుత్వం అన్నది నాకు ముఖ్యం కాదు. ప్యానెల్ వచ్చాక గ్రహణం ఎలా పడుతుందో చూపించడం నాకు ఎంతో సులువైంది, దాన్ని కాదనను. కానీ తెర మీద చూడటం వేరు, చేత్తో చేయడం వేరు. తెర మీద ప్రయోగం ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. వలయంలో తీగ ఊడదు, బ్యాటరీ దిగిపోదు, రీడింగ్ తప్పు రాదు. చేతిలో ప్రయోగం సగం సార్లు రాదు. రానప్పుడే పిల్లలు ఆలోచిస్తారు. ప్యానెళ్ల మీద పెట్టిన దాంట్లో చిన్న భాగం పెట్టి ఉంటే ప్రతి హైస్కూలుకీ సరిపడా కటకాలు, దర్పణాలు, తీగలు, మీటర్లు వచ్చేవి.

అసలు కొన్ని బళ్లలో వస్తువులు ఉన్నాయి. ఈ విషయం పైవాళ్లకి తెలిసినట్టు లేదు. బీరువాలో ఉంటాయి, బీరువాకి తాళం ఉంటుంది. నేను పనిచేసిన ఒక బళ్లో కటకాలు పాత న్యూస్‌పేపర్లో చుట్టి, ఆ పేపరు మీద ఎప్పటిదో తేదీతో సహా, అలాగే ఉన్నాయి. ఎందుకు తీయరంటే స్టాక్ రిజిస్టర్. ఒక బీకరు పగిలితే, ఒక థర్మామీటరు జారితే, ఆ వరుసలో ఎవరు సంతకం పెట్టారో వాళ్లే జవాబుదారు. ఆడిట్‌లో అడుగుతారు, కొత్తది కొని పెట్టమంటారు. జాగ్రత్తగల టీచరు ఏం చేస్తుంది? తాళం వేసి ఉంచుతుంది. నలభై మంది పిల్లల చేతికి గాజు ఇస్తే ఏడాదికి కొన్ని పగులుతాయి, పగలాలి కూడా. ఏడాదికి ఇంత శాతం పగుళ్లు సహజమని, దానికి హెచ్‌ఎం సంతకం చాలని, టీచరు నుంచి వసూలు చేయకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఒక్క కాగితంతో రాష్ట్రంలో ఎన్ని బీరువాలు తెరుచుకుంటాయో చూడండి. దాంతోపాటు ఆమ్లాలు, స్పిరిట్, బ్యాటరీ సెల్స్, మైలుతుత్తం లాంటి అయిపోయే సరుకుకి ప్రతి జూన్‌లో కొద్ది మొత్తం బడి ఖాతాలో నేరుగా వేయండి. వీటిని రాష్ట్రమంతటికీ ఒకే టెండర్లో కొని లారీల్లో పంపొద్దు. మా ఊరి కొట్లో దొరికేది మేమే కొనుక్కుంటాం.

అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల సంగతి మీరు చెప్పవచ్చు. ఒక్కో ల్యాబుకి కేంద్రం 20 లక్షలు ఇస్తుంది, 2025 బడ్జెట్లో మరో 50 వేల ల్యాబులు ప్రకటించారు. రావాలి, వస్తే సంతోషం. కానీ నేను చూసినంతలో ఆ గదిలోకి వెళ్లేది సైన్స్ ఫెయిర్‌కి ఎంపికైన నలుగురైదుగురే. త్రీడీ ప్రింటర్ దగ్గర నలుగురు ఉంటే మిగతా వందమంది కిటికీలోంచి చూస్తారు. నేను అడుగుతున్నది ఆ వందమంది కోసం. ఇస్రో తొమ్మిదో తరగతి పిల్లలకి నడిపే యువికా కార్యక్రమం కూడా చక్కనిదే, పల్లె బళ్ల పిల్లలకి ఎంపికలో అదనపు వెయిటేజీ కూడా ఇస్తారు. అయితే సైన్స్ ఫెయిర్లకీ ఒలింపియాడ్లకీ కూడా అందులో మార్కులున్నాయి. బళ్లో ప్రయోగమే చేయని పిల్ల వాటిలోకి ఎలా వెళ్తుంది?

ప్రాక్టికల్ పరీక్ష పెడితే అందరికీ నిండు మార్కులు వేసేస్తారు అన్నది మీ అధికారులు మొదట చెప్పే అభ్యంతరం. ఆ భయం నిజమైనదే. రికార్డు పుస్తకం చూసి మార్కులు వేసే పద్ధతి పెడితే అలాగే జరుగుతుంది. పదిమంది ఒకే రికార్డు చూసి రాస్తారు, పోయినేడాది అన్న రాసిన రికార్డు తెచ్చి కొత్త అట్ట వేస్తారు. కాబట్టి రికార్డుకి మార్కులు వద్దు. పరీక్ష రోజు పక్క మండలం టీచరు వచ్చి, చీటీ తీయించి, ఒక చిన్న కొలత చేయమనాలి. ఈ కటకం నాభ్యంతరం కనుక్కో. ఈ తీగ నిరోధం కొలువు. ఈ ఆకు మీద పత్రరంధ్రాలు సూక్ష్మదర్శినిలో చూపించు. పిల్ల కిటికీలోంచి కనిపించే చెట్టుని గోడ మీద తలకిందులుగా పడేలా చేసి స్కేలుతో దూరం కొలుస్తుంది, అంతే. చేయగలిగిందా లేదా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, అందులో దాచడానికేమీ ఉండదు. పరీక్షకి నెల ముందు ప్రయోగాల పట్టిక మొత్తం బయటపెట్టేయండి. పిల్లలు ఆ పదిహేను ఇరవై ప్రయోగాలూ చేసి చూసుకుంటారు. మనకి కావాల్సింది అదే కదా! 50లో 10 మార్కులు చాలు, మొదలుపెట్టడానికి.

టీచర్లు లేని చోట, ల్యాబు గది లేని చోట ఎలా అన్నది రెండో అభ్యంతరం. ల్యాబు గది లేకపోతే వరండా చాలు, నా ప్రయోగాల్లో ఎక్కువ భాగం వరండాలోనే జరిగాయి. టీచరు లేకపోవడం మాత్రం వరండాతో తీరేది కాదు. సైన్స్ పోస్టు ఖాళీగా ఉన్న బళ్లకి ముందు మనిషిని ఇచ్చి, ఆ తర్వాతే పరీక్ష పెట్టండి. లేకపోతే ఏజెన్సీ బళ్ల పిల్లలే మళ్లీ నష్టపోతారు.

2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి ప్రయోగంలో ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహం వెళ్లింది. దేశంలోని 75 ప్రభుత్వ బళ్ల నుంచి 750 మంది అమ్మాయిలు దాని భాగాల మీద పనిచేశారు. రాకెట్ రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపుకి సెన్సార్లు తప్పు లెక్క ఇచ్చాయి, ఉపగ్రహం నిలవాల్సిన కక్ష్యలో నిలవలేదు. ఆ రోజు ఆ అమ్మాయిలు ఎంత బాధపడి ఉంటారో టీచర్‌గా ఊహించగలను. కారణం వెతికి సరిచేశారు, 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 అదే శ్రీహరికోట నుంచి వెళ్లి కక్ష్యలో చేరింది. ప్రభుత్వ బడి పిల్లకి ఇలాంటి పని చేయగల సత్తా ఉందని దీనికంటే రుజువేం కావాలి? చంద్రయాన్-3 ప్రాజెక్ట్ డైరెక్టర్ వీరముత్తువేల్ విల్లుపురంలో రైల్వే టెక్నీషియన్ కొడుకు, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి పైకి వచ్చినవారు. ఇస్రో చైర్మన్‌గా చేసిన శివన్ తమిళ మీడియం సర్కారు బడిలో చదివారు.

అందరూ ఇంజినీర్లు కానక్కర్లేదు. షార్‌లో టెక్నీషియన్ ఉద్యోగాలకి ఐటీఐ చదివినవాళ్లని తీసుకుంటారు, మా పిల్లలు ఆ నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తారు. హైదరాబాద్‌లో స్కైరూట్ లాంటి ప్రైవేటు సంస్థలు వచ్చాయి, 2022 నవంబరు 18న స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ శ్రీహరికోట నుంచే ఎగిరింది. వెల్డింగ్ తెలిసినవాళ్లు, తీగలు కలపగలిగినవాళ్లు, కొలత తప్పకుండా పనిచేసేవాళ్లు వీటన్నిటికీ కావాలి. ఆ చేతి పనితనానికి మొదటి అడుగు హైస్కూల్లోనే పడాలి. ఐటీఐకి వచ్చాక మొదటిసారి వోల్ట్‌మీటర్ పట్టుకునే పిల్లవాడు అప్పటికే వెనకబడ్డాడు.

ఇంకొక చిన్న కోరిక. ప్రయోగం చూడటానికి శ్రీహరికోటలో గ్యాలరీ ఉంది, 2019 నుంచి జనాన్ని రానిస్తున్నారు. ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి. ఫోన్, నెట్, సొంత కారు ఉన్న కుటుంబాలు వస్తున్నాయి. పాడేరు నుంచి, ఆదోని నుంచి, ఉద్దానం నుంచి ప్రభుత్వ బడి పిల్లలు ఒక్కరైనా వస్తున్నట్టు నాకు కనపడలేదు. ఇస్రోతో మాట్లాడి ప్రతి ప్రయోగానికీ కొన్ని సీట్లు మన ప్రభుత్వ బళ్లకి కేటాయించేలా చూడండి, బస్సు రాష్ట్రం పెట్టుకోవాలి. ప్రయోగం వాయిదా పడితే పిల్లలు ఇబ్బంది పడకుండా రాత్రి బసకి సూళ్లూరుపేట, నాయుడుపేట హాస్టళ్లు ఉన్నాయి. వచ్చిన ప్రతి పిల్ల చేతికీ ఒక స్టాప్‌వాచ్ ఇచ్చి, వెలుగుకీ చప్పుడుకీ మధ్య సెకన్లు లెక్కపెట్టమని చెప్పండి.

జూన్‌లో బళ్లు తెరిచేలోపు ప్రాక్టికల్ మార్కుల గురించి ఒక నిర్ణయం ప్రకటిస్తే తొమ్మిదో తరగతిలోకి వచ్చే పిల్లలకి రెండేళ్ల సమయం దొరుకుతుంది. పగుళ్ల ఉత్తర్వుకైతే అంత సమయం కూడా అక్కర్లేదు, రేపే ఇవ్వవచ్చు. ప్రయోగాల పట్టిక తయారు చేయడానికి కమిటీ వేస్తే, అందులో రిటైరైన టీచర్లకి కూడా చోటు ఉంటే, నేను జీతభత్యాలు లేకుండా పనిచేస్తాను. నాలాంటివాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, పిలిస్తే వస్తారు.

ఇట్లు,
భౌతికశాస్త్రం రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్,
సూళ్లూరుపేట ప్రాంతం, తిరుపతి జిల్లా